కరెంటు స్తంభం మోసేదెంత? గోదావరి డెల్టాలో కేబుల్ తీగలు, సౌర పలకల అనుమతులు

భీమవరం, అమలాపురం, కాకినాడ వంటి డెల్టా పట్టణాల్లో ఏ పాత వీధిలో నిలబడి చూసినా కరెంటు స్తంభానికి నల్లటి కేబుళ్ల కట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. అదే వీధిలో 2024 నుంచి మేడల మీద సౌర పలకలు ఒక్కొక్కటిగా వెలుస్తున్నాయి. రెండింటి విషయంలోనూ జనానికి వచ్చే సందేహం ఒకటే: దీనికి అనుమతి ఇవ్వాల్సింది మున్సిపాలిటీయా, కరెంటు ఆఫీసా, మరొకరా? కేబుళ్లు తెగి రోడ్డు మీద పడినప్పుడు ఒక ఆఫీసు మరో ఆఫీసు వైపు వేలు చూపించడం, పలకలు బిగించుకున్న ఇంటికి నెట్ మీటరు (ఇంటి నుంచి బయటికి వెళ్లే కరెంటునూ, లోపలికి వచ్చే కరెంటునూ లెక్కగట్టే మీటరు) రావడానికి ఆలస్యం కావడం ఈ సందేహాన్ని ఇంకా పెంచుతున్నాయి.

సంక్షిప్తంగా

స్తంభం మీద తీగ కట్టడానికి స్తంభం యజమాని అయిన విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి, ఆ తీగ సాగే దారి ఎవరిదో వారి అనుమతి అవసరం. ఇంటి మీద సౌర పలకలకు ప్రధానంగా పంపిణీ సంస్థతోనే పని. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక సాధ్యత పరిశీలన కూడా లేదు. రెండు చోట్లా అనుమతి విడివిడి దరఖాస్తును చూస్తుంది తప్ప, ఒకే స్తంభం మీద, ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద అవన్నీ కలిసి ఎంత భారమయ్యాయో కూడి చూడదు. మెత్తని నేల, సముద్రపు గాలి ఉన్న డెల్టాలో అసలు ఇబ్బంది ఆ కూడిక దగ్గరే మొదలవుతోంది.

స్తంభం ఒకరిది, దారి మరొకరిది

గోదావరి జిల్లాల్లో స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌వి. అయితే స్తంభం పాతిన నేల ఆ సంస్థది కాదు. పట్టణంలోని వీధి మున్సిపాలిటీది లేదా కార్పొరేషన్‌ది, ఊళ్లోని దారి పంచాయతీది, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ఆర్ అండ్ బీది, కాలువ గట్టు జలవనరుల శాఖది. అమలాపురం నుంచి ముమ్మిడివరం వైపు ఒక ఫైబర్ కేబుల్ లాగాలంటే 216వ నంబరు జాతీయ రహదారి కూడా లెక్కలోకి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కాలువల వ్యవస్థలో గట్లే దారులయ్యాయి, ఆ దారుల వెంబడే స్తంభాలు నడిచాయి. అందువల్ల నాలుగైదు కిలోమీటర్ల కేబుల్‌కే ముగ్గురు నలుగురు యజమానులు తగలడం ఇక్కడ మామూలు విషయం.

చట్టాలూ ఒకటి కావు. టీవీ ప్రసారాల కేబుల్ 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. ప్రభుత్వ సంస్థల అధీనంలోని స్థలంలో అనుమతితో కేబుళ్లు, స్తంభాలు ఏర్పాటు చేసుకునే వీలును 2011 సవరణ ఆ చట్టంలో చేర్చింది. ఇంటర్నెట్, ఫోన్ కంపెనీల ఫైబర్ మాత్రం టెలికాం చట్టం పరిధిలోనిది. దానికి 2016లో దారి హక్కు (ఇతరుల స్థలం మీదుగా తీగ లాగే హక్కు) నియమాలు వచ్చాయి. దరఖాస్తు అందిన 60 రోజుల్లో అధికారి ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అనేది అప్పట్లో వాటిలో ముఖ్యమైన అంశం. 2022 ఆగస్టు సవరణలో కరెంటు స్తంభాలు, వీధిదీపాల స్తంభాలను కూడా వాడుకోవచ్చంటూ, కేబుల్ కట్టినందుకు ఒక్కో స్తంభానికి ఏడాదికి 100 రూపాయల రేటు పెట్టారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద రూపొందిన కొత్త దారి హక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. దరఖాస్తులన్నీ ఒకే చోట తీసుకునేందుకు గతిశక్తి సంచార్ పోర్టల్ 2022 మే నెలలోనే మొదలైంది.

కాగితం మీద ఇది పకడ్బందీగానే ఉంది. అయితే నేడు ఒకే ఫైబర్ పోగులో టీవీ, ఇంటర్నెట్ రెండూ ప్రవహిస్తున్నాయి. కింద నిలబడి చూసేవారికి ఏ తీగ ఏ చట్టం కిందిదో తెలియదు. పైకెక్కిన లైన్‌మ్యాన్‌కూ తెలియదు. పైగా అదే స్తంభానికి మున్సిపాలిటీ వీధిదీపం, దాని తీగ, సీసీ కెమెరా, ఆ పైన అనుమతి అనే మాటే తెలియని ఫ్లెక్సీలు, పార్టీ జెండాలు ఉంటాయి. అనుమతి ఇవ్వాల్సిన మున్సిపాలిటీ కూడా స్తంభం దగ్గరకు వచ్చేసరికి ఒక వాడకందారే.

ఎనిమిది మీటర్ల స్తంభం లెక్క

ఇళ్లకు కరెంటు అందించే వీధి లైన్లలో ఎక్కువగా కనిపించేది 8 మీటర్ల సిమెంటు స్తంభం. దాని పని భారం 140 కిలోలు, అంటే పైకొనకు దగ్గరగా అడ్డంగా లాగే బలం అంతవరకు ఉండవచ్చునని దాని రూపకల్పన. 11 కేవీ (11,000 ఓల్టుల) లైన్లకు వాడే 9.1 మీటర్ల స్తంభానికి ఇది 280 కిలోలు. ఈ అంకెల మీద కొంత భద్రతా మిగులు ఉంటుంది, కానీ ఆ మిగులు ఉన్నది తుపాను కోసం, తయారీ లోపాల కోసం, కాలం తినేసే ఇనుము కోసం. కేబుళ్లు కట్టుకోవడం కోసం కాదు.

సుమారు మీటరున్నర లోతున పాతితే 8 మీటర్ల స్తంభం నేల పైన ఆరున్నర మీటర్లు మిగులుతుంది. వీధి వెంబడి సాగే లో టెన్షన్ (ఇళ్లకు తక్కువ ఓల్టేజీ కరెంటు ఇచ్చే) తీగ నేలకు కనీసం 5.5 మీటర్ల ఎత్తులో, రోడ్డు దాటే చోట 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు చెబుతున్నాయి. రెండు స్తంభాల నడుమ తీగ వేలాడుతుంది కాబట్టి దాన్ని పైకొన దగ్గరే బిగించాలి. కేబుల్ ఎప్పుడూ కరెంటు తీగకు కిందనే ఉండాలి. ఈ లెక్కన కేబుళ్లకు మిగిలేది మహా అయితే మీటరు జాగా. దానిలో ఒకటి రెండు కేబుళ్లు క్రమంగా అమరుతాయి. పది పదిహేను వచ్చేసరికి కట్ట కిందికి జారుతుంది. కోతల తరువాత వరిగడ్డి ఎత్తుగా వేసుకుని వెళ్లే ట్రాక్టరుకో లారీకో తగిలి తెగేది ఆ జారిన కట్టే. సంక్రాంతికి కోనసీమలో ప్రభలు ఊరేగే దారుల్లో కరెంటు ఆపి, అడ్డొచ్చే తీగలు విప్పి మళ్లీ కట్టడం ఏటా ఉండే పని. కరెంటు తీగ ఎవరు విప్పాలో అక్కడ అందరికీ తెలుసు. దాని కింద ఉన్న కేబుళ్లలో ఏది ఎవరిదో మాత్రం తెలియదు.

బరువు కన్నా గాలి ముఖ్యం. 10 మిల్లీమీటర్ల మందం గల ఒక కేబుల్ 40 మీటర్ల దూరం సాగితే గాలికి అడ్డుగా నిలిచే వైశాల్యం 0.4 చదరపు మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. అంటే ఒక్క కేబుల్ ద్వారా స్తంభం మీద పడే తోపుడు 19 కిలోలు. విడివిడిగా పది కేబుళ్లుంటే 190 కిలోలు. కట్టగా బిగిస్తే ఒకదాని చాటున ఒకటి ఉండి ఇది కొంత తగ్గుతుంది. పైకొన కన్నా కాస్త దిగువన పనిచేస్తుంది కాబట్టి ఇంకొంత తగ్గుతుంది. అయినా స్తంభం సొంత తీగల మీద పడే గాలిని దీనికి కలిపితే 140 కిలోల గీత దాటడానికి అసాధారణమైన తుపాను అక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపానులో గాలులు ఈ స్థాయివే. 1996 నవంబరు 6 నాటి తుపాను గాలులు కోనసీమ కొబ్బరి తోటల్నే నేలకూల్చాయి.

దీనికి నేల తోడవుతుంది. డెల్టా ఒండ్రుమట్టి, నల్లమట్టి తడిస్తే పట్టు వదిలేస్తాయి. రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరే చోట్లు ఇక్కడ కొల్లలు, కాలువ గట్టు మీదైతే స్తంభానికి ఒక వైపు మట్టే ఉండదు. కనుక సిమెంటు స్తంభం విరగకముందే మొదలు దగ్గర ఒరిగిపోతుంది. ఒరిగిన స్తంభం తన తీగలతో పాటు పక్క స్తంభాన్నీ లాగుతుంది. కేబుళ్ల కట్ట దట్టంగా ఉన్న చోట ఆ లాగుడు ఇంకా ఎక్కువ.

ప్రాణాపాయం మాత్రం చాలావరకు గాలితో సంబంధం లేనిది. కేబుల్ సాగిపోకుండా దానికి ఊతంగా ఒక జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగుతారు. పైనున్న కరెంటు తీగ తెగి దాని మీద పడినా, రాపిడిలో ఇన్సులేషన్ పోయినా ఆ ఇనుప వైరు కొసదాకా కరెంటు మోసుకుపోతుంది. లైన్‌మ్యాన్ లైన్ క్లియర్ తీసుకుని, సరఫరా ఆపించుకుని ఎక్కినా, పక్క ఫీడరు (వేరే సరఫరా లైను) నుంచి వచ్చే కేబుల్ అదే స్తంభాన్ని తాకుతుంటే ఆ ముందుజాగ్రత్త సగమే. విద్యుత్ స్తంభాలపై టెలికాం తీగలు కట్టేటప్పుడు వాటి తెగుబలం 270 కిలోలకు తగ్గకూడదని పాత భారత విద్యుత్ నియమాల కాలం నుంచీ నిబంధన ఉంది. నిచ్చెన వేసుకుని, బైండింగ్ వైరుతో నాలుగు చుట్లు చుట్టి, మిగిలిన కేబుల్‌ను చుట్టగా అక్కడే తగిలించి దిగిపోయే పద్ధతిలో ఆ నిబంధనను సరిచూసేవారు లేరు.

అనుమతి చవకైనా ఎందుకు తీసుకోరు

2022 నాటి రేటు ప్రకారం ఏడాదికి స్తంభానికి 100 రూపాయల లెక్కన 500 స్తంభాలు వాడుకునే ఆపరేటరు కట్టాల్సింది 50,000 రూపాయలు. వందలాది కనెక్షన్లున్న వ్యాపారానికి ఇది మోయలేని ఖర్చు కాదు. అయినా అనుమతి లేని తీగలే ఎక్కువగా ఉండటానికి కారణం డబ్బు ఒక్కటే అనుకుంటే పొరపాటు. దరఖాస్తు చేస్తే ఏ స్తంభం నుంచి ఏ స్తంభానికి అన్న పటం ఇవ్వాలి, పేరు రికార్డులోకి ఎక్కుతుంది, ప్రమాదం జరిగితే బాధ్యుడెవరో తెలిసిపోతుంది. చేయకపోతే తీగ అనామకంగా ఉంటుంది. ఎప్పుడైనా సిబ్బంది వచ్చి తెంపితే మళ్లీ కట్టుకోవడం ఒక పూట పని. తెంపే ముప్పు అరుదుగా, రికార్డు బాధ్యత ఎప్పటికీ ఉండే చోట వ్యాపారి ఎటు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు.

పంపిణీ సంస్థకూ పెద్ద ఆసక్తి లేదు. 2003 విద్యుత్ చట్టం 51వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ తన ఆస్తులను వేరే వ్యాపారానికి వాడుకుని ఆదాయం సంపాదించవచ్చు, అందులో కొంత భాగాన్ని వీలింగ్ చార్జీలు (తీగల మీదుగా కరెంటు చేరవేసినందుకు పడే రుసుము) తగ్గించడానికి వెచ్చించాలి. అంటే స్తంభాల అద్దె సక్రమంగా వసూలైతే అంతిమంగా మేలు పొందేది బిల్లు కట్టే వినియోగదారుడు. కానీ స్తంభం స్తంభానికీ తిరిగి లెక్కపెట్టడానికి అయ్యే శ్రమ సెక్షన్ ఆఫీసుది, వచ్చే ఆదాయం సంస్థ ఖాతాది. బకాయిల వసూలు, సర్వీసు కనెక్షన్లు, బ్రేక్‌డౌన్ల మధ్య ఆ ఆఫీసులోని అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి ఇది చివరి పనిగానే మిగిలిపోతుంది.

స్తంభాన్ని కేబుళ్లకు దారిగా వాడటం చాటుమాటు వ్యవహారం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వమే ఆ దారి ఎంచుకుంది. ఏపీ ఫైబర్‌నెట్ కోసం భూమి తవ్వకుండా దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను విద్యుత్ స్తంభాల మీదుగానే లాగారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే కనెక్షన్ ఇవ్వగలిగారంటే తవ్వకం ఖర్చు తప్పడం అందుకు ఒక ముఖ్య కారణం. లంక గ్రామాలకూ, కాలువలకు ఆవల ఉన్న పేటలకూ ఇంటర్నెట్ చేరాలంటే స్తంభానికి మించిన చవక దారి నేటికీ లేదు.

చచ్చిన తీగల సంగతి వేరు. పాత రాగి కేబుల్ స్థానంలో ఫైబర్ వచ్చినా, ఒక ఆపరేటరు వ్యాపారం మరొకరికి అమ్ముకున్నా పాత తీగ అక్కడే ఉండిపోతుంది. దాన్ని విప్పితే ఎవరికీ రూపాయి రాదు. గాలికి మాత్రం బతికిన తీగకూ చచ్చిన తీగకూ తేడా లేదు.

మేడ మీద పలకలకు తేలికైన దారి

సౌర పలకల విషయంలో కేంద్రం దీనికి పూర్తిగా భిన్నమైన వైఖరి తీసుకుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది; దాని కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం మీద 78,000 రూపాయల వరకు రాయితీ వస్తుంది. దీనికి తోడుగా అదే నెలలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించారు. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక సాధ్యత అధ్యయనం అక్కర్లేదు. అవసరమైతే మంజూరైన లోడును పంపిణీ సంస్థే పెంచాలి. 10 కిలోవాట్లు దాటితే 15 రోజుల్లో అధ్యయనం పూర్తి చేయాలి, లేకపోతే ఆమోదించినట్టే. 5 కిలోవాట్ల వరకు లైనును, ట్రాన్స్‌ఫార్మరును బలపరిచే ఖర్చు పంపిణీ సంస్థదే.

ఈ క్రమంలో మున్సిపాలిటీ ఎక్కడా కనిపించదు. సర్వీసు నంబరుతో పోర్టల్‌లో నమోదు, నమోదిత విక్రేత ఎంపిక, బిగింపు, నెట్ మీటరు, తనిఖీ, రాయితీ, అన్నీ పంపిణీ సంస్థ చుట్టూనే తిరుగుతాయి. పలకల కింది భాగాన్ని గోడలతో మూసి గదిగా మార్చితేనే భవన నిర్మాణ నిబంధనల ప్రశ్న వస్తుంది. అపార్టుమెంటులో పైకప్పు అందరిదీ కాబట్టి సంఘం సమ్మతి కావాలి. ఉమ్మడి అవసరాలకైతే సంఘానికే కిలోవాటుకు 18,000 చొప్పున వేరే రాయితీ ఉంది.

వాస్తవంలో దరఖాస్తులు ఆగేది సాంకేతిక కారణాల కన్నా కాగితాల దగ్గర. సర్వీసు తాత పేరున, మేడ మనవడి పేరున ఉన్న ఇళ్లు డెల్టా గ్రామాల్లో తక్కువేమీ కావు. పేరు మార్పిడి జరిగితే తప్ప రాయితీ జమ కావాల్సిన బ్యాంకు ఖాతా, సర్వీసు కలవవు. పెంకుటిళ్లకు, రేకుల ఇళ్లకు పలకలు బిగించడం కష్టం కాబట్టి పథకం ప్రధానంగా డాబాలున్నవారికే చేరువవుతుంది.

ఇక్కడ ఒక భద్రతా నిబంధన తరచు మరుగున పడుతోంది. లో టెన్షన్ తీగ ఇంటి పైభాగానికి నిలువుగా 2.5 మీటర్లు, పక్కగా 1.2 మీటర్లు ఎడంగా ఉండాలి. 11 కేవీ తీగకైతే నిలువు దూరం 3.7 మీటర్లు. డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి, ధాన్యం ఎండబెట్టుకోవడానికి జాగా పోకూడదని పలకలను ఏడెనిమిది అడుగుల ఎత్తున ఇనుప చట్రం మీద నిలబెట్టడం ఇప్పుడు సర్వసాధారణం. చట్రం లేనప్పుడు నిబంధన ప్రకారమే ఉన్న తీగ, చట్రం వచ్చాక నిబంధనకు విరుద్ధంగా మారుతుంది. తీగ కదల్లేదు, ఇల్లే దాని దగ్గరకు వెళ్లింది. సన్నటి వీధుల్లో బిగింపుకు ముందే ఈ కొలత చూడాలి. తరువాత చూస్తే లైను మార్పిడి ఖర్చు యజమాని మీద పడవచ్చు.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కూడిక

ఒక వీధికి 100 కేవీఏ (దాదాపు 100 కిలోవాట్ల) సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మరు ఉందనుకుందాం. దాని కింద ఇరవై ఇళ్లు తలా 3 కిలోవాట్ల పలకలు పెట్టుకుంటే మధ్యాహ్నం 60 కిలోవాట్ల వరకు ఉత్పత్తి కావచ్చు. ఆ వేళ పనికి వెళ్లినవారి ఇళ్లలో వాడకం తక్కువ. మిగిలిన కరెంటు తీగల వెంట వెనక్కి నడుస్తుంది. పొడవైన లైను కొసన ఓల్టేజీ పెరుగుతుంది, పరిమితి దాటగానే కొసనున్న ఇంటి ఇన్వర్టరు (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పరికరం) తనంతట తాను ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఉత్పత్తి రావడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే. ఒక్కో దరఖాస్తు 10 కిలోవాట్ల లోపే కాబట్టి ఏదీ అధ్యయనానికి రాలేదు. ఇరవయ్యీ కలిసి చేసిన మార్పు మాత్రం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఉంది. పది కేబుళ్లలో ఏ ఒక్కటీ స్తంభాన్ని ఒరిగించకపోవడం, పదీ కలిసి ఒరిగించడం వెనకా ఇదే తర్కం. తేడా ఏమిటంటే, సౌర పలకలకు ప్రతి ఇంటి లెక్కా పోర్టల్‌లో ఉంది, కావాలనుకుంటే ఏ రోజైనా కూడి చూడవచ్చు. కేబుళ్లకు కూడటానికి అంకెలే లేవు.

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో మరో చిక్కు ఉంది. చేపలు, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి నుంచి తెల్లవారే దాకా. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువగా తిరిగేదీ అప్పుడే. పలకలు పనిచేసేది పగలు. నెట్ మీటరు పద్దుల్లో ఈ రెండింటినీ సరిపెట్టగలదు గాని, రాత్రి లోడును ట్రాన్స్‌ఫార్మరు మీద నుంచి దించలేదు. పైగా ఆక్వా జోన్లలో రైతుకు యూనిట్ 1.50 రూపాయలకే అందుతున్నప్పుడు సొంత పెట్టుబడితో పలకలు పెట్టే ఆకర్షణ సహజంగానే తక్కువ.

గాలి, ఉప్పు, కొబ్బరి నీడ

3 కిలోవాట్లకు ఆరు పలకలు, వాటి వైశాల్యం దాదాపు 15 చదరపు మీటర్లు. కోస్తాంధ్రకు భారత ప్రమాణాలు సూచించే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి సూటిగా తగిలితే ఈ వైశాల్యం మీద పడే బలం రెండు టన్నులు దాటుతుంది. పలకలు, చట్రం కలిపినా బరువు కొన్ని వందల కిలోలే. కాబట్టి డాబాకు భారం కన్నా చట్రం ఎగిరిపోకుండా పట్టి ఉంచే బోల్టులు కీలకం. స్లాబు మీద సిమెంటు దిమ్మ పోసి అందులో చట్రం కాళ్లు పాతేస్తే సరిపోతుందన్న వాడుక ఎత్తు చట్రాలకు చాలదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి జింకు పూత సరిగా లేని ఇనుము కొద్ది ఏళ్లలోనే తుప్పు పడుతుంది. కోనసీమలో కొబ్బరి నీడ మరో లోపం: వరుసగా కలిపిన పలకల్లో ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి తగ్గవచ్చు.

తుపాను తరువాత పలకలుంటే చీకటి ఉండదన్న నమ్మకం కూడా సరికాదు. బ్యాటరీ లేని సాధారణ వ్యవస్థలో గ్రిడ్ పోగానే ఇన్వర్టరు ఆగిపోవాలి. లేకుంటే ఇంటి నుంచి వెనక్కి వెళ్లిన కరెంటు లైను మీద పనిచేస్తున్న మనిషిని చంపుతుంది. స్తంభం ఒరిగితే ఆ వీధిలోని పలకలన్నీ, ఎంత ఎండ కాసినా, నిరుపయోగం. కేబుళ్లకూ పలకలకూ సంబంధం లేదనుకునేవారు ఈ సంగతి గమనించడం లేదు.

అమెరికాలో క్రమం తలకిందులు

అమెరికాలో స్తంభాల అద్దె, షరతులకు 1978లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. కొత్త తీగ కట్టే ముందు స్తంభం దాన్ని మోయగలదో లేదో పరిశీలించి, పాత తీగలను జరిపి, అవసరమైతే స్తంభాన్ని మార్చి చోటు సిద్ధం చేయడం అక్కడి పద్ధతి. ఇది నెలల తరబడి సాగుతోందన్న ఫిర్యాదులతో 2018లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒకే కాంట్రాక్టరు ఒకే విడతలో అందరి తీగలూ జరిపే వెసులుబాటు ఇచ్చింది. ఇంటి మీద పలకలకు మాత్రం నగరపాలక సంస్థ నుంచి నిర్మాణ, విద్యుత్, అగ్నిమాపక కోణాల్లో అనుమతి కావాలి. ఆ జాప్యాన్ని తగ్గించేందుకు ఆన్‌లైన్‌లో తక్షణం అనుమతి ఇచ్చే సాఫ్ట్‌వేరు తెచ్చారు, కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి అలాంటి విధానాన్ని నగరాలకు తప్పనిసరి చేయడం మొదలుపెట్టింది. అంటే అక్కడ స్తంభానికి ఇంజినీరింగు పరీక్ష కఠినం, పలకల అనుమతి బరువు. ఇక్కడ పలకల అనుమతి తేలిక, స్తంభానికి పరీక్షే లేదు. అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే లంక గ్రామాలకు ఇంటర్నెట్ ఇంకో పదేళ్లు ఆలస్యమవుతుంది. అయితే తీగ కట్టే ముందు స్తంభాన్ని లెక్కించడమన్న ఒక్క అంశం ఖర్చు లేని అరువు.

ఇకపై జరగగలిగేది

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు మరణించాక అక్కడ కేబుళ్ల తొలగింపు పెద్ద ఎత్తున మొదలైంది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అనుమతి ఉన్న తీగ ఏది, లేనిది ఏది అన్నది అక్కడ ప్రధాన ప్రశ్నగా మారింది. గోదావరి జిల్లాల్లో అలాంటి తొలగింపు ఎప్పుడు మొదలైనా చిక్కు అదే. గుర్తుపట్టే ముద్ర లేకుండా తెంపితే ఆన్‌లైన్ క్లాసు వినే పిల్లవాడి ఇంటర్నెట్, మీసేవ కేంద్రం పని, చచ్చిన తీగ, అన్నీ ఒకే కత్తెరకు పోతాయి. ప్రతి కేబుల్‌కూ ఆపరేటరు పేరున్న బిళ్ల తగిలించాలని గడువు పెట్టి, బిళ్ల లేనివాటిని ముందుగా తీయడం ఇందులో తక్కువ నష్టంతో పోయే దారి. గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు కాబట్టి స్తంభాలవారీ లెక్క తీయడానికి మనుషులు లేరన్న మాట గ్రామాల్లో ఒప్పదు. పట్టణాల్లో ఈ పని ఎవరికి అప్పగించాలో ముందు తేల్చాలి.

తీగలన్నీ భూమిలోకి దించాలన్న సూచన తరచు వినిపిస్తుంది. 2014 అక్టోబరు నాటి తుపాను హుద్‌హుద్ తరువాత విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు. కరెంటు లైన్లను భూమిలో వేయడానికి అయ్యే ఖర్చు స్తంభాల మీద వేసేదానికి అనేక రెట్లు. డెల్టాలో నీరు పైకి ఊరే నేల కాబట్టి కేబుల్ జాయింట్లలో లోపం వస్తే వెతికి బాగు చేయడం ఇంకా కష్టం. ఇన్సులేషన్ ఉన్న తీగలను కలిపి పేనిన ఏబీ కేబుల్‌ను ఇరుకు వీధుల్లో వేయడం మధ్యేమార్గం: ప్రమాదం తగ్గుతుంది గాని గాలి భారం తగ్గదు.

ఫైబర్‌కు ఈ అభ్యంతరాలు చాలావరకు వర్తించవు. నీటిలో మునిగినా కరెంటు తగలదు, రోడ్డు పనితో పాటు ఖాళీ పైపు ఒకటి పాతిపెడితే తరువాత ఎవరైనా అద్దె కట్టి అందులోంచి లాక్కోవచ్చు. 2027 గోదావరి పుష్కరాల కోసం రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురం వంటి రేవు పట్టణాల్లో రోడ్లు తవ్వి కొత్తగా వేసే సందర్భం ఎలాగూ వస్తుంది. ఆ పైపు ఖర్చు రోడ్డు టెండరులో చేర్చాలా, ఆపరేటర్ల నుంచి ముందే వసూలు చేయాలా అన్నది మున్సిపల్ ఇంజినీర్లు, పంపిణీ సంస్థ అధికారులు కలిసి కూర్చుని టెండరు పిలవకముందే తేల్చుకోవాల్సిన విషయం. తారు పడిన తరువాత రోడ్డు తవ్వే అనుమతికి మళ్లీ వేరే దరఖాస్తు, వేరే పునరుద్ధరణ రుసుము ఉంటాయి. అంత ఖర్చు భరించే కన్నా ఆపరేటర్లు తిరిగి స్తంభాన్నే ఆశ్రయిస్తారు.